మూడు వేళ్ల సందు

రేపు పాథాలజీ.
హనుమకొండ, నయీంనగర్ రూముల
రాత్రి పన్నెండుకు కరెంటున్నది, బుర్రే పోయింది.
తబస్సుమ్ గోడకు ఆనుకొని
వాపు లక్షణాలు ఐదు అప్పజెప్తున్నది:
ఎరుపు, వేడి, ఉబ్బు, నొప్పి...
ఐదోది ప్రతిసారీ నాలుక చివర్నే ఆగిపోతది.
"పని పోవుడు" అని అందిస్త.
"అది లక్షణమా, బతుకా" అనుకుంట పేజీ తిప్పుతది.

స్లయిడ్‌ల అన్నీ అందంగనే ఉంటయి.
అదే నాకు భయం.
గులాబీ, ఊదా, రెండే రంగుల అద్దకం.
కొత్తవాడ మగ్గం మీది జంపఖానా లెక్క
పడుగూ పేకా కలిసిన కణజాలం.
అంచు తెగనంతసేపు అది నేత.
అంచు తెంపుకొని కిందికి దిగినంక
దాని పేరు వేరే.
దిగిన కాడ పొర మీద పొర చుట్టుకొని
కెరటిన్ ముత్యాలు.
ముత్యాలే అన్నది పుస్తకం.
పేరు పెట్టినాయన ఎవరో గని
ఆ నోటి మనిషితోని మాట్లాడి ఉండడు.

నేను మాట్లాడిన మనిషి నోట్లె ముత్యాలు లెవ్వు, ఇంకా.
పోయిన మార్చి, ఓపీ, పదకొండో కుర్చీ.
మొగిలి. నలభై రెండు. ఎనుమాముల యార్డుల హమాలి.
అంగీ మడతల్ల మిర్చి ఘాటు,
ఆయన కూసునేలోపే మాకు తుమ్ములు.
"మూడేళ్లు" అన్నడు.
నోరు ఎంత తెరుచుకుంటదో చెప్తున్నడనుకొని
నార్మల్ అని రాయబోయిన.
ఎన్ని రోజుల సంది బాధనో చెప్తున్నడు.

పండ్ల నడుమ నిలువుగ మూడు వేళ్లు పట్టాలె.
ఆయనకు ఒకటి పోయింది, రెండోది గోరు కాడ ఆగింది.
చెంప లోపల తడిమి చూస్తే తాళ్లు.
బస్తా మూతి కుట్టిన సుతిలి లెక్క,
పై నుంచి కిందికి, గట్టిగ.

సీనియర్లు ఇచ్చిపోయిన పాత పుస్తకం
మిర్చిని అనుమానించింది.
కొత్తది వక్క అంటది.
మొగిలి గూడ మిర్చిదే తప్పనుకున్నడు,
సీజన్ అయిపోతే తగ్గుతదనుకున్నడు.
జేబుల పొట్లాలు తీసి ట్రే పక్కన పెట్టిండు, ఏడు,
దొంగసొమ్ము అప్పజెప్పినట్టు.
"లారీ నిలబడ్డంక బువ్వ తినే టైముండది బిడ్డా.
ఇది దవడకుంటే ఆకలి తెల్వది."

పొద్దంత ఎరుపు మోసే మనిషికి
కూరల చిటికెడు కారం పడ్డా నోరు పొయ్యి అయితదట.
పోపుల ఎండు మిర్చి తగిలిన పప్పు గూడ పడదు.
భార్య చిన్న గిన్నెల వేరే వండుతది.
"బాపు మోసేది మిర్చి, తినేది పెరుగు
అని పోరగాండ్లు నవ్వుతరు."
ఆయన గూడ నవ్విండు,
ఒక వేలంత.

కారణం అన్న గడిల వక్క అని రాసిన.
ఆకలికి ఆ ఫారంల గడి లేదు.

సార్ వచ్చి అద్దం పెట్టి చూసిండు.
పాలరాయి లెక్క తెల్లబడ్డదన్నడు,
రేపొచ్చి చిన్న ముక్క ఇయ్యమన్నడు.
సూదికి గాదు మొగిలి జంకింది.
"రేపు యార్డున్నది మేడం, ఎల్లుండి గూడ."
పొట్లాలు లెక్కబెట్టుకొని మళ్ల జేబుల ఏసుకున్నడు.
వద్దనాలె. అన్నట్టే యాది.
గట్టిగ అన్ననో లేదో యాదికి లేదు.

పది మార్కులకు అదే వస్తదని అందరంటున్నరు.
వస్తే బొమ్మతో సహా రాస్త:
కరిగి పలచబడ్డ పై పొర,
కింద బిగుసుకపోయిన నారలు.
సిలబస్ మొత్తంల ఇంత మంచిగ
నాకింకోటి రాదు.
ఈ మాట తబస్సుమ్‌కు గూడ చెప్పలే.

అద్దం ముంగట నిలబడి అది
తన నోట్లె మూడు వేళ్లు పెట్టుకొని చూసుకుంటున్నది.
కిటికీ కింద బస్తాల లారీ ఒకటి
దుమ్ము లేపుకుంట పోయింది.
పెద్దగ తుమ్మి, పేజీ పోగొట్టుకొని,
మళ్ల మొదటి సంది
ఎరుపు, వేడి, ఉబ్బు, నొప్పి,